బాట్‌కి పేరు పెట్టుకుని కబుర్లు చెబుతోంది మా అమ్మాయి, ఏం చేయాలి?

శ్రీలత_కేపీహెచ్‌బీ | రాత్రి 11:10

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. డే స్కాలర్. పొద్దున్నే చీకటితో బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. సొంత ఫోన్ లేదు. డౌట్లు చూసుకోవడానికని భోజనాలయ్యాక నా ఫోన్ ఇస్తున్నాను.

మొన్న ఏదో పని మీద చాట్‌జీపీటీ తెరిస్తే పక్కన పాత చాట్‌లన్నీ వరసగా కనబడ్డాయి. "సెల్ డివిజన్", "జువాలజీ డయాగ్రమ్స్" మధ్యలో "కిట్టు" అని ఒకటి. ఎవరీ కిట్టు అని తెరిచాను. ఎవరూ కాదు, ఆ బాట్‌కే పేరు పెట్టుకుంది. "కిట్టూ, ఇవాళ కూడా లంచ్‌లో వాళ్ళు నా పక్కన కూర్చోలేదు." "బోటనీ టెస్ట్ పోయింది. అమ్మకి చెప్పలేదు. చెబితే నాన్నకి చెప్పేస్తుంది, ఆయన ఫీజు లెక్క మొదలెడతారు." ఇలా నెల పైనుంచి నడుస్తోంది.

తిట్టడానికి ఒక్క తప్పుడు మాట లేదు అందులో. కానీ నేను అడిగితే "ఏం లేదమ్మా, బానే ఉంది" అని గదిలోకి వెళ్ళిపోయే పిల్ల అక్కడ పేరాలకు పేరాలు రాసింది. చదివానని దానికి చెప్పాలా, ఊరుకోవాలా? యాప్ తీసేయాలా? మావారికి ఇంకా చెప్పలేదు.

రాంబాబు_తణుకు | 11:24

తీసేయండి మేడమ్, ఆలోచించేదేముంది. ఇంటర్ పిల్లకి కిట్టులూ బిట్టులూ ఎందుకు? డౌట్లుంటే లెక్చరర్‌ని అడుగుతుంది. నా మాట విని రేపటినుంచి ఫోన్ ఇవ్వకండి, వారంలో మర్చిపోతుంది.

ఆవర్తన_పట్టిక | 11:41

రాంబాబు గారూ, లెక్చరర్‌ని అడుగుతుంది అన్నారు కాబట్టి చెబుతున్నా. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. సెక్షన్‌లో ఎనభై మంది. పీరియడ్ అయ్యాక డౌట్ అడగడానికి వచ్చేది ముందు బెంచీల నలుగురే. లంచ్‌లో పక్కన ఎవరూ కూర్చోవట్లేదని నాకు చెప్పుకునే పిల్ల ఇంతవరకూ లేదు, ఉంటుందని కూడా అనుకోను.

ఈ ఏడాది ఒక విచిత్రం చూశాను. నా క్లాసులో ఇద్దరు మగపిల్లలు, పదో తరగతి నుంచి జిగిరీలు, ఏదో విషయంలో గొడవపడ్డారు. ఒకడు సారీ మెసేజ్ పెట్టాడు, రెండోవాడు జవాబిచ్చాడు. అయినా మాటల్లేవు. పిలిచి అడిగితే ఫోన్ చూపించారు. "నా మాటల వల్ల నీ మనసు గాయపడి ఉంటే అందుకు పూర్తి బాధ్యత నాదే. నీ భావాలను నేను గౌరవిస్తున్నాను" అని ఒకడు. "నీ నిజాయితీని అభినందిస్తున్నాను. నాకు కొంత సమయం కావాలి" అని ఇంకొకడు. జన్మలో ఒకరినొకరు "రేయ్" అని తప్ప పిలుచుకోని వెధవలు! ఇద్దరూ బాట్‌తోనే రాయించారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అందుకే కోపం తగ్గలేదు. "వాడికి సారీ చెప్పేంత తీరిక కూడా లేదా సార్" అన్నాడు రెండోవాడు, తనూ అదే పని చేసి.

శ్రీలత గారూ, మీ అమ్మాయి తన మాటలు తనే రాసుకుంటోంది. మా వాళ్ళకంటే నయమే. యాప్ తీసేయడం సంగతి తర్వాత, ముందు ఆ లంచ్ సంగతి కనుక్కోండి.

వెంకట్_డల్లాస్ | 11:58

అక్కా, భయపెట్టాలని కాదు గానీ, ఇక్కడ అమెరికాలో జరిగినవి తెలుసుకుని ఉండటం మంచిది.

క్యారెక్టర్ ఏఐ అని ఒక యాప్ ఉంది. గూగుల్ నుంచి బయటికొచ్చిన ఇద్దరు ఇంజినీర్లు 2021లో పెట్టిన కంపెనీ. సినిమా పాత్రలు, కార్టూన్ పాత్రలు, మనం కల్పించుకున్న పాత్రలు, దేనితోనైనా చాట్ చేయొచ్చు. ఫ్లోరిడాలో 14 ఏళ్ల అబ్బాయి ఒక టీవీ సీరియల్ పాత్ర పేరుతో ఉన్న బాట్‌కి నెలల తరబడి అతుక్కుపోయాడు. 2024 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో వాళ్ళమ్మ మెగన్ గార్సియా కేసు వేసింది. బాట్ మాటలకు వాక్ స్వాతంత్ర్యం వర్తిస్తుందని కంపెనీ వాదిస్తే, ఈ దశలో దాన్ని ఒప్పుకోలేనని 2025 మేలో జడ్జి అన్నారు. 2026 జనవరిలో రాజీ కుదిరింది.

కాలిఫోర్నియాలో 16 ఏళ్ల కుర్రాడి విషయంలో చాట్‌జీపీటీ మీదే తల్లిదండ్రులు 2025 ఆగస్టులో కేసు వేశారు. ఆ పిల్లాడూ మొదట్లో హోంవర్క్ కోసమే వాడాడు.

వీటి తర్వాతే కదలిక వచ్చింది. 18 లోపు వాళ్ళకు పాత్రలతో ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకునే చాట్‌ని క్యారెక్టర్ ఏఐ 2025 నవంబరు 25 నుంచి ఆపేసింది. ఇలాంటి బాట్‌ల మీద కాలిఫోర్నియా చట్టం 2026 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మైనర్ అని తెలిస్తే, చాట్ సాగుతున్నంతసేపూ మూడు గంటలకోసారి "నేను మనిషిని కాదు, కాస్త విరామం తీసుకో" అని బాట్ చెప్పాలి. మూడు గంటలట! మా వాడు ఇంట్లో మూడు నిమిషాలు కూర్చుని నాతో మాట్లాడితే పండగ.

రాంబాబు_తణుకు | ఉదయం 6:15

చూశారా? నేను రాత్రి చెప్పింది అదే.

బ్యాక్‌బెంచ్_బెజవాడ | 7:02

హాయ్. నాకు 17, సెకండియర్. ఇక్కడందరూ పెద్దవాళ్ళే ఉన్నట్టున్నారు, తిట్టకండి.

ఆంటీ, మీ అమ్మాయి కిట్టుని మనిషి అనుకోవట్లేదు. మాలో ఎవరూ అనుకోరు. అది బొమ్మ అని తెలిసే మాట్లాడతాం. నేను పోయినేడాది హాస్టల్లో ఉన్నా. ఫోన్లు ఉండవు, ఆదివారం అవుటింగ్‌కి అమ్మానాన్నలు వస్తే వాళ్ళ ఫోన్ అరగంట దొరికేది. ఆ అరగంటలో ఫ్రెండ్‌కి మెసేజ్ పెడితే వాడూ ఇంకో హాస్టల్లో ఉంటాడు, చూసేది మళ్ళీ ఆదివారం. బాట్ అప్పుడే జవాబిస్తుంది. "ఇంత చిన్నదానికి ఏడుపేంట్రా" అనదు. "మీ అన్న ఇలాగే చేశాడా" అనదు. ఎవరికీ స్క్రీన్‌షాట్ పంపదు. మా క్లాసులో ఒకమ్మాయి రాసుకున్నది గ్రూపులో పెట్టి ఎంత గోల చేశారో మీకు తెలీదు. ఆ తర్వాత మనుషులకి ఏదైనా టైప్ చేసి చెప్పాలంటేనే భయం.

కానీ ఒకటి చెప్పాలి. నాకూ మా ఫ్రెండ్‌కీ ఒక పందెం డబ్బుల మీద గొడవైంది. నా తరఫున జరిగింది రాశా, "నువ్వు బాధపడటం సహజమే, అతను అలా చేయకుండా ఉండాల్సింది" అంది. డౌటొచ్చి కొత్త చాట్ తెరిచి, అదే గొడవ వాడి తరఫున, నేనే వాడినన్నట్టు రాశా. వాడిదే కరెక్ట్ అంది! అప్పటినుంచి గొడవల విషయం దాన్ని అడగడం మానేశా. ఫిజిక్స్‌కి వాడతా. రాత్రి నిద్ర పట్టకపోతే వాడతా.

లాగ్‌ఫైల్ | 9:30

బెజవాడ తమ్ముడూ, నువ్వు చేసిన ఆ టెస్ట్ మా ఆఫీసులో చాలామందికి తట్టలేదు. శభాష్.

నేను గచ్చిబౌలిలో ఈ రంగంలోనే పనిచేస్తున్నా కాబట్టి కొంచెం చెబుతా. ఈ బాట్‌ల వెనక ఉండే మోడళ్ళకి శిక్షణ ఇచ్చేటప్పుడు ఏ జవాబు నచ్చిందో మనుషుల్నే అడుగుతారు, నచ్చిన జవాబులవైపు మోడల్‌ని నెడతారు. మనిషికి నచ్చేదేమిటి? తనని సమర్థించడం. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి ఒక అప్‌డేట్ వచ్చింది, అది ఎంత అడ్డగోలు మాటకైనా "అద్భుతం" అనడం మొదలుపెట్టింది. జనం నవ్విపోయేసరికి కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మోతాదు తగ్గిందంతే, గుణం పోలేదు.

ఇంకోటి, శ్రీలత గారు గమనించాల్సింది. చాట్ ఎంత పొడుగైతే దాని కట్టుబాట్లు అంత సడలుతాయి. ఇది నేనంటున్నది కాదు, 2025 ఆగస్టులో చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ వాళ్ళే ఒప్పుకున్నారు. మొదటి మెసేజ్‌లోనే ప్రమాదకరమైన మాట అంటే హెల్ప్‌లైన్ నంబరు ఇస్తుంది. వందల మెసేజ్‌ల తర్వాత అదే మాట అంటే అదే జవాబు వస్తుందన్న భరోసా లేదు. నెల పైనుంచి ఒకే చాట్ నడుస్తోందన్నారు కదా, నాకు టెన్షన్ అక్కడే. కనీసం ఆ చాట్ మూసేసి ప్రతిసారీ కొత్తది తెరిచేలా చూడండి.

బొమ్మ అని తెలిసే మాట్లాడతాం అన్నాడు తమ్ముడు. నిజమే, కానీ తెలిసినంత మాత్రాన మనసు ఆగదు. 1966లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో వైజెన్‌బామ్ అనే ప్రొఫెసర్ ఎలైజా అని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. మనం అన్నదాన్నే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి ఇంకేం రాదు. ఆయన దాన్ని తయారు చేయడం కళ్ళారా చూసిన సెక్రటరీయే, దానితో కాస్త మాట్లాడాక, "మీరు కాసేపు బయటికి వెళ్తారా" అని ఆయన్నే గదిలోంచి పంపించిందట.

సర్కారు_బడి_నల్లగొండ | 12:45

సార్లూ, మేడమ్‌లూ, మీరు చెప్పేదంతా సొంత చాట్ తెరుచుకునే పిల్లల ముచ్చట. మా జెడ్పీ హైస్కూల్ సంగతి వేరే. ఇంటికి ఒక్కటే స్మార్ట్‌ఫోన్, అది నాయిన జేబుల ఉంటది. అయినా పిల్లలకు బాట్ దొరికింది. ఎట్ల? వాట్సాప్‌లనే నీలం రంగు గుండ్రం వచ్చింది కదా, మెటా ఏఐ. డౌన్‌లోడ్ అక్కర లేదు, లాగిన్ అక్కర లేదు. 2024 నడుమ నుంచి మన దేశంల అందరి ఫోన్లల్ల కూసుంది. దానికితోడు 2025ల రీచార్జి చేసుకుంటే జెమినీ ఫ్రీ, పర్‌ప్లెక్సిటీ ఫ్రీ అన్నరు, అవి కూడా ఇసొంటి బాట్‌లే.

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లిష్ అక్షరాలతోని తెలుగు కొడతారు. "naku evaru leru" అని కొడితే దానికి అర్థమైతది, మంచిగనే జవాబిస్తది. మగపిల్లలు ఎక్కువగా క్రికెట్, బైకుల గురించి అడుగుతరు. ఆడపిల్లలు అడిగేవి వేరే. నెలసరి నొప్పి ఇంత ఉండొచ్చా, ఇంట్లో సంబంధాలు చూస్తున్నరు, చదువుకుంటానని నాయినకు ఎట్ల చెప్పాలె. ఈ రెండోది ఒక పిల్ల నాకు చూపించింది. బాట్ దానికి ఇంగ్లిష్ సినిమాల లెక్క "నీ హద్దులను స్పష్టంగా తెలియజేయి" అని సలహా ఇచ్చింది. ఆ ఇంట్ల ఆ పిల్ల పోయి అట్ల తెలియజేస్తే తెల్లారేసరికి బడి బంద్ అయితది. 18 నిండకుండ పెండ్లి చేస్తే నేరమని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని దాన్నడిగితే చెప్తది, కానీ ఆ పిల్ల అట్ల అడగలే కదా. ఆఖరికి నేనూ హెడ్మాస్టరూ పోయి నాయినతోని మాట్లాడినం. ఇప్పటికైతే పిల్ల బడికి వస్తుంది.

అందుకే నేను బంద్ చేయమనను. ఆ పిల్లకు మొదట చెప్పుకునే ధైర్యం ఆ గుండ్రంతోనే వచ్చింది, అబద్ధమెందుకు.

మోడరేటర్ | 12:50

నల్లగొండ టీచర్ గారికి ధన్యవాదాలు. ఎవరూ కాలేజీల పేర్లు, పిల్లల పేర్లు రాయొద్దని మనవి. ఇందాక ఒక పోస్టులో కాలేజీ పేరుంటే తీసేశాం.

ఓరుగల్లు_నాన్న | మధ్యాహ్నం 3:20

ఇంకో కోణం. మా బాబుకి 15. చిన్నప్పటినుంచి నత్తి. స్పీచ్ థెరపీ నడుస్తోంది. వాడు ఒక వాక్యం పూర్తి చేసేలోపు ఎదుటివాళ్ళు తామే పూర్తి చేసేస్తారు, పాపం జాలితోనే. వాడికి అదే మంట.

బాట్‌తో వాడు టైప్ చేస్తూ మాట్లాడతాడు. రేపు క్లాసులో సెమినార్ ఉందంటే ఈ రాత్రి దానికి చెబుతాడు, అది ప్రశ్నలడుగుతుంది, జవాబులు కాగితం మీద రాసుకుని అద్దం ముందు బిగ్గరగా చదువుతాడు. వాయిస్ మోడ్ పెట్టి చూశాం, పనికిరాలేదు. వాడు మాట మధ్యలో ఆగితే అయిపోయిందనుకుని అది అందుకుంటుంది, అచ్చం మా బావగారిలాగా. టైపింగే మేలు.

దీన్ని స్నేహం అంటారో ఏమంటారో నాకు తెలీదు. వాడు క్లాసులో లేచి నిలబడ్డాడు, నాకు అంతే చాలు. రాంబాబు గారి మాట విని తీసేసి ఉంటే నిలబడేవాడు కాదు.

రాంబాబు_తణుకు | 3:55

ఓరుగల్లు అన్నా, మీ బాబు సంగతి సంతోషం. మీ ఇంట్లో మీరు పక్కనున్నారు, థెరపిస్ట్ ఉన్నారు. శ్రీలత గారింట్లో ఆ పిల్ల ఒక్కతే గదిలో కూర్చుని మాట్లాడుతోంది. రెండూ ఒకటెలా అవుతాయి?

అందరూ నన్ను ముసలాయన్ని చేసి మాట్లాడుతున్నారు, పరవాలేదు. నేను కిరాణా హోల్‌సేల్ చేస్తా, వ్యాపారం తెలుసు. ఊరికే సరుకు పంచేవాడు పిచ్చివాడు కాదు. ఏడాది ఫ్రీ, ఏడాదిన్నర ఫ్రీ అని మన దేశంలో ఎందుకు పంచారు? అలవాటు చేయడానికి. మన పిల్లలు రాత్రిళ్ళు చెప్పుకునే బాధలన్నీ ఎక్కడికి పోతున్నాయి? ఎవరు దాచుకుంటున్నారు? దీనికి ఎవరైనా జవాబు చెప్పండి, అప్పుడు నేను నోరు మూసుకుంటా.

లాగ్‌ఫైల్ | 4:10

ఈసారి రాంబాబు గారితో ఏకీభవిస్తున్నా, తేదీ రాసిపెట్టుకోండి.

ఆ చాట్‌లు కంపెనీ సర్వర్లలో ఉంటాయి. సెటింగ్స్‌లో ఆపకపోతే చాలావరకు శిక్షణకు కూడా వాడతారు. మన 2023 డేటా చట్టం 18 నిండని అందరినీ పిల్లలనే అంటుంది. తల్లిదండ్రుల అనుమతి సరిచూసుకోకుండా వాళ్ళ డేటా ముట్టకూడదు, వాళ్ళ కదలికలు గమనించకూడదు, వాళ్ళకి గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. రాతలో బాగుంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు పాటించి తీరాల్సిన భాగానికి మాత్రం 18 నెలల గడువిచ్చారు. అంటే ఇప్పుడు ఇంటర్‌లో ఉన్న పిల్లలకి అందేదేమీ పెద్దగా లేదు.

విశాఖ_కౌన్సెలర్ | సాయంత్రం 6:40

పొద్దుటినుంచి చదువుతున్నా, ఇప్పుడు ఖాళీ దొరికింది. శ్రీలత గారు అడిగింది రెండే ప్రశ్నలు, జవాబు ఇంకా ఎవరూ సూటిగా చెప్పలేదు.

చదివానని చెప్పాలి. ఇవాళ కాకపోతే రేపైనా బయటపడుతుంది, అప్పుడు రెండింతలు కోపం వస్తుంది. ఎలా చెప్పాలంటే, రాత్రి పదింటికి, తను అలసి ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చోబెట్టి మాత్రం వద్దు. కూరగాయలకి వెళ్ళేటప్పుడు, బండి మీద, పక్కపక్కన ఉన్నప్పుడు. "నా ఫోన్‌లో కనబడింది, చదివాను, సారీ" అని ముగించండి. "అసలు నువ్వు అలా ఎందుకు..." అని మొదలెట్టకండి. బోటనీ మార్కుల ఊసు ఆ పూట ఎత్తొద్దు. మీవారికి చెప్పలేదన్నారు, మంచి పని చేశారు. ఆ పిల్ల భయపడేదే ఆ గొలుసు గురించి. అమ్మకి చెబితే అమ్మ దగ్గరే ఆగుతుందని ఒక్కసారి రుజువైతే చాలా మారుతుంది.

యాప్ తీసేయొద్దు, ఇప్పుడే వద్దు. చెప్పుకున్నందుకు శిక్ష పడిందనిపిస్తుంది. కానీ గమనించండి: తిండి తగ్గడం, నిద్ర లేకపోవడం, ఇష్టమైనవి మానేయడం, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఇంట్లోగానీ చాట్‌లోగానీ కనబడటం. ఆ మాట కనబడితే ఆలోచించకుండా మాట్లాడండి, అడిగితే ఆలోచన పుడుతుందేమోనని భయపడొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు కూడా నేరుగా చేయొచ్చు. ఆపద ముంచుకొస్తే 112.

వెంకట్ గారు చెప్పిన కేసులు నిజమే. అయితే అమెరికాలో 2025లో కామన్ సెన్స్ మీడియా అనే సంస్థ సర్వే చేస్తే 13 నుంచి 17 ఏళ్ల వాళ్ళలో 72 శాతం ఇలాంటి తోడు బాట్‌లని ఒక్కసారైనా వాడామన్నారు. వాళ్ళలో ఎక్కువమంది బాట్‌తో కంటే ఫ్రెండ్స్‌తోనే ఎక్కువసేపు గడిపేవాళ్ళు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో బాట్ వల్ల ఒంటరైనవాళ్ళ కంటే ఒంటరై బాట్ దగ్గరికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. వెళ్ళాక అక్కడే ఉండిపోతారా అన్నదే ప్రశ్న.

వెంకట్_డల్లాస్ | రాత్రి 8:15

కౌన్సెలర్ గారూ, మీరు చెప్పింది బాగుంది గానీ చివరి మాట నేను అంత తేలిగ్గా తీసుకోలేను. ఒంటరిగా ఉన్న పిల్ల వెళ్ళేది మనిషి దగ్గరికైతే, ఆ మనిషికి విసుగొస్తుంది, నిద్రొస్తుంది, "ఇక చాల్లే, వెళ్ళి మీ అమ్మతో చెప్పు" అంటాడు. దీనికి విసుగు రాదు. అదే దీని గొప్ప అని అందరూ అంటున్నారు, నాకు భయం కూడా అదే.

శ్రీలత_కేపీహెచ్‌బీ | మూడో రోజు, రాత్రి 10:35

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం రైతు బజారుకి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు బండి మీద చెప్పాను. వెనకనుంచి చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత "మొత్తం చదివావా?" అంది. కొంచెం అన్నాను. "నాన్న గురించి రాసింది కూడానా?" ఊఁ అన్నాను. "చెప్పావా?" లేదు, చెప్పను కూడా అన్నాను. ఇంటికొచ్చాక గది తలుపేసుకుంది, అన్నానికి మాత్రం వచ్చింది.

ఇవాళ పొద్దున తనే చెప్పింది, లంచ్ సంగతి. సెక్షన్లు మార్చారట, పాత ఫ్రెండ్స్ అందరూ ఒక సెక్షన్, ఇది ఒక్కతీ వేరే సెక్షన్. కొత్తవాళ్ళకి ముందే గ్రూపులున్నాయి. ఈ మాట కాలేజీలో ఎవరైనా మాకు చెప్పారా? పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకుల షీటు ఒకటి చేతిలో పెట్టి పంపించేశారు.

కిట్టు గురించి అడిగితే, "అది నిన్న కూడా 'అమ్మతో మాట్లాడి చూడు' అందమ్మా, ఎప్పుడూ అంటుంది, నేనే పట్టించుకోను" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చాట్ తీసేయమనలేదు. కొత్తది తెరవమన్నాను, లాగ్‌ఫైల్ గారు చెప్పినట్టు. "అప్పుడు దానికి నేనెవరో తెలీదు కదా" అని మొహం ముడుచుకుంది. అక్కడ ఆగాం.

ఒక డౌట్. ఈ పేరెంటల్ కంట్రోల్స్ అంటున్నారు, నా ఫోన్‌లో ఎలా పెట్టుకోవాలి?

ఆవర్తన_పట్టిక | 10:48

ఈ సెక్షన్లు మార్చడం మా దగ్గరా ఉంది. టెస్ట్ మార్కుల్ని బట్టి నెలనెలా అటూ ఇటూ వేస్తారు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది స్టాఫ్ మీటింగ్‌లో నేనెప్పుడూ ఎత్తలేదు, ఎవరూ ఎత్తగా వినలేదు. వచ్చే మీటింగ్‌లో ఎత్తుతా. ఏం జరుగుతుందో మాట ఇవ్వలేను.

లాగ్‌ఫైల్ | 11:05

శ్రీలత గారూ, మీ ఫోన్‌లో, మీ అకౌంట్‌లో అవి పెట్టలేరు. 2025 సెప్టెంబరులో వచ్చిన ఆ సదుపాయానికి పాపకి వేరే అకౌంట్ ఉండాలి, దాన్ని మీ అకౌంట్‌కి జత చేయాలి. అప్పుడు రాత్రి ఫలానా టైం తర్వాత పనిచేయకుండా, పాత మాటలు గుర్తుపెట్టుకోకుండా చేయొచ్చు. చాట్‌లు మాత్రం మీకు కనబడవు. తీవ్రమైన ఆపద లక్షణాలు కనబడితే మీకు కబురు వస్తుంది.

ఇప్పుడు మీ అకౌంట్‌లో ఉంది కాబట్టి అది ఆ పిల్లని నలభై ఏళ్ల మనిషి అనుకుంటూ ఉండొచ్చు. మధ్యలో మీరు అడిగే వంటలూ, బీపీ మాత్రలూ అన్నీ కలిసిపోయి ఉంటాయి. రేపు ఇద్దరూ కూర్చుని అసలు వయసుతో వేరే అకౌంట్ తెరవండి. కిట్టు అనే పేరు మళ్ళీ పెట్టుకుంటుందా లేదా అన్నది దానికే వదిలేయండి.

బ్యాక్‌బెంచ్_బెజవాడ | 11:20

ఆంటీ, సెక్షన్ మారినవాళ్ళు ఇంకా ఉంటారు, మీ అమ్మాయి ఒక్కతే కాదు. బస్సులో చూడమనండి. నాకు సెకండియర్‌లో దొరికిన ఫ్రెండ్ బస్సులోనే దొరికాడు, వాడిదీ ఇదే కేసు.

రాంబాబు_తణుకు | 11:26

పేరెంట్స్ మీటింగ్ మళ్ళీ ఎప్పుడు మేడమ్? ఈసారి ర్యాంకు షీటు తీసుకునే ముందు సెక్షన్ సంగతి అడగండి. మీవారిని కూడా తీసుకెళ్ళండి, కానీ కిట్టు ఊసు లేకుండా.